ఆకాశయానానికి ఒక్క సాక్షి చాలునా?

దిక్కు తెలుసుకొనుట మానవుడు నేర్చిన తొలి విద్యలలో ఒకటి. ఎడారిలో బిడారుకు నక్షత్రం, నడిసంద్రంలో నావికునికి సూదంటురాయి, అడవిలో బాటసారికి చెట్టుమీది గంటు దారి చూపినవి. ఇరువదవ శతాబ్దపు చివరి పాదంలో మనిషి తన చేతులతోనే కొన్ని నక్షత్రాలను చేసి ఆకాశంలో నిలిపినాడు. అవే జి.పి.ఎస్. ఉపగ్రహాలు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్న ఈ కృత్రిమ తారలు పంపే కాలసంకేతాలను అందుకొని, తానున్న చోటును కొద్ది మీటర్ల తేడాలో చెప్పగల పరికరం నేడు ఓడలో ఉన్నది, లారీలో ఉన్నది, మన జేబులోని ఫోనులో ఉన్నది. నలుగురు కూర్చొను చిన్న సొంత విమానంలోను ఉన్నది.

ఆ చిన్న విమానంలోని పరికరం పాతబడినప్పుడు దానిని మార్చుకొనుట ఎట్లు అనునదే ఈ వ్యాసంలో మేము చర్చింపదలచిన విషయం. ఇది మన కళాశాల ఆవరణకు దూరమైన సంగతిగా కొందరికి తోచవచ్చును. మన దేశంలో సొంత విమానం గలవారు బహు స్వల్పం. కాని అమెరికాలో ఈ ప్రశ్న వేలాది మంది విమాన యజమానుల ముందు నిలిచి ఉన్నది. మన దేశంలోని వైమానిక శిక్షణ సంస్థలు నడిపే చిన్న విమానాలకును ఇది వర్తించును. పైగా యంత్రాన్ని ఎంతవరకు నమ్మవచ్చునను ప్రశ్న ఇంత స్పష్టంగా, ఇంత ప్రాణాంతకంగా ఎదురయ్యే చోటు మరొకటి అరుదు. కావున విద్యార్థి మిత్రులు దీనిని ఓపికతో పరిశీలింతురని ఆశించుచున్నాము.

మా అభిప్రాయాన్ని మొదటనే చెప్పెదము. కొత్త పరికరం కొనవలసినదే. కాని దానిని అమర్చు సందడిలో, ఉపగ్రహాలతో నిమిత్తం లేకుండ దారి చూపగల పాత సాధనాన్ని పెరికి పారవేయుట తగదు. రెండవ సాక్షిని పంపివేసి మొదటి సాక్షికి పట్టుబట్టలు కట్టుట అభివృద్ధి కాదు.

ఇక విషయంలోనికి వత్తము. అమెరికాలో చిన్న విమానమనగానే ముందుగా స్ఫురించునది సెస్నా 172. ఇది 1955లో తొలిసారి ఎగిరినది. నేటివరకు 44,000కు మించి తయారైనవి. వీటిలో నలుబది, ఏబది సంవత్సరాల వయస్సు గలవి నేటికిని ఎగురుచున్నవి. రెక్కలు అవే, తోక అదే. ఇంజనును మాత్రం కాలానుసారం విప్పి బాగుచేయుదురు. పైలటు ముందరి పలకలోని సాధనాలు తరం మారినప్పుడల్లా మారుచుండును. 1998లో గార్మిన్ సంస్థ జి.ఎన్.ఎస్. 430 అను పరికరాన్ని వెలువరించినది. జి.పి.ఎస్. గ్రాహకం, రంగుల పటం, మాట్లాడుటకు రేడియో, భూమిపైనున్న వి.ఓ.ఆర్. స్తంభాల సంకేతాన్ని వినే గ్రాహకం, అన్నియు ఒక చిన్న పెట్టెలో ఇమిడినవి. వేలాది విమానాలలో అది వెలసినది. ఇప్పుడు దాని తయారీ నిలిచిపోయి చాలకాలమైనది. తెర మసకబారినచో, మీట అరిగినచో విడిభాగాలు దొరకుట నానాటికి కష్టమగుచున్నది. కావున ఇష్టమున్నను లేకున్నను యజమాని ఏదో ఒకనాడు కొత్త పరికరం వైపు చూడక తప్పదు.

కొత్త పరికరం వలన కలుగు మేలు తెర అందంలో లేదు. మొదటి తరం జి.ఎన్.ఎస్. 430 విమానం ఎక్కడున్నదో పటం మీద చూపును గాని, మబ్బులలో నుండి రన్‌వే వైపు దిగునప్పుడు ఎంత ఎత్తున ఉండవలెనో చెప్పదు. పైలటు తానే లెక్క చూచుకొనుచు మెట్లు మెట్లుగా దిగవలెను. ఆ మెట్లలో ఒకటి తప్పినచో క్రింద కొండ ఉండవచ్చును. అమెరికా ప్రభుత్వం 2003 జూలైలో వాస్ అను వ్యవస్థను ప్రారంభించినది. భూమిపైనున్న కేంద్రాలు ఉపగ్రహ సంకేతాలలోని దోషాలను నిరంతరం కొలిచి, దిద్దుబాట్లను భూస్థిర ఉపగ్రహం ద్వారా విమానానికి పంపును. సంకేతం నమ్మదగనిదైనప్పుడు కొద్ది సెకన్లలోనే హెచ్చరిక వచ్చును. ఈ దిద్దుబాటును అందుకొను పరికరం గల విమానం వాలుబాట మీద జారినట్లు సమంగా దిగగలదు. అనుకూలమైన చోట్ల నేలకు 200 అడుగుల ఎత్తు వరకు మబ్బులోనే రావచ్చును. పూర్వం ఇట్టి సౌకర్యం ఖరీదైన ఐ.ఎల్.ఎస్. యంత్రాలు గల విమానాశ్రయాలకే దక్కెడిది. నేడు అమెరికాలో వేలకొలది రన్‌వేలకు, పొలాల నడుమ నున్న చిన్న విమానాశ్రయాలకు సహితం లభించినది. ఇది నిస్సందేహంగా ప్రాణరక్షకమైన మార్పు. దీనిని కాదనువారితో మేము ఏకీభవింపము.

అయితే చిక్కు ఇచ్చటనే ఉన్నది. దిద్దుబాటు అందుకొనని పాత జి.పి.ఎస్. పరికరంతో మబ్బులలో ఎగురు విమానంలో మరొక స్వతంత్ర మార్గదర్శక సాధనం ఉండి తీరవలెనని అమెరికా నిబంధన. వాస్ అందుకొను పరికరానికి ఆ షరతు లేదు. అది ఒక్కటే ఉన్నను చాలునని చట్టం అంగీకరించినది. ఆ అంగీకారమే యజమానికి ప్రలోభమైనది. పలకలో చోటు తక్కువ, పాత వి.ఓ.ఆర్. గ్రాహకాన్ని తీసివేసినచో చోటు మిగులును, కొద్ది పౌండ్ల బరువు తగ్గును, మరమ్మతు ఖర్చు తప్పును. వి.ఓ.ఆర్. గ్రాహకమే లేని కొత్త పరికరాలు ఉన్నవాటి కంటె చౌకగా దొరకును. ఇన్ని లాభాలు ఎదుట కనబడగా, చట్టం అడుగని దానిని ఎవరు ఉంచుకొందురు? చట్టం చెప్పునది కనీసం మాత్రమే. కనీసం పాటించినవాడు అపరాధి కాడు. అంతమాత్రాన వివేకి అని చెప్పుటకు వీలులేదు.

జి.పి.ఎస్. సంకేతం అంత దూరం నుండి వచ్చుటచే నేలను చేరుసరికి అత్యంత క్షీణమై ఉండును. దానిని ముంచివేయుటకు పెద్ద శత్రుసేన అవసరం లేదు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో నెవార్క్ విమానాశ్రయం ఉన్నది. దాని ప్రక్కనే పోవు రహదారిపై ఒక ఉద్యోగి, తాను ఎక్కడెక్కడ తిరుగుచున్నాడో యజమానికి తెలియకుండుటకై, సంకేతాన్ని మాపివేసే చిన్న యంత్రాన్ని తన వాహనంలో పెట్టుకొని తిరిగినాడు. ఆ చిన్న యంత్రం విమానాశ్రయంలోని ఉపగ్రహ ఆధారిత అవతరణ వ్యవస్థను కలతపెట్టినది. 2013లో అచ్చటి ప్రభుత్వ సంస్థ అతనికి 31,875 డాలర్ల జరిమానా విధించినది. ఒక చిరుద్యోగి దాపరికానికి ఒక మహానగర విమానాశ్రయం ఇబ్బంది పడినదన్న మాట.

సంకేతాన్ని మాపుట ఒక విధం. దొంగ సంకేతాన్ని పంపి తప్పుదారి పట్టించుట రెండవ విధం. రెండవది మరింత ప్రమాదకరం. ఏలనగా పరికరం మూగవోదు. ధైర్యంగా అబద్ధం చెప్పును. ఇది పరాయి దేశపు ముచ్చట కాదు. ఢిల్లీ విమానాశ్రయ పరిసరాలలో, పదవ నెంబరు రన్‌వే వైపు జి.పి.ఎస్. ఆధారంగా దిగుచున్న కొన్ని విమానాలకు ఇట్టి తప్పుడు సంకేతాలు ఎదురైనవని మన పౌర విమానయాన శాఖ 2025లో పార్లమెంటుకు తెలియజేసినది. ఆ విమానాలు ప్రత్యామ్నాయ పద్ధతులతో దిగినవి. భూమిపైనున్న సాంప్రదాయిక సాధనాలు పనిచేయుచున్న ఇతర రన్‌వేల వద్ద రాకపోకలకు భంగం కలుగలేదు. ఈ చివరి వాక్యాన్ని పాఠకులు మరొకసారి చదువవలెనని మా మనవి. ఆనాడు కాపాడినది కొత్త సాధనం కాదు. దాని ప్రక్కన ఇంకను నిలిచియున్న పాత సాధనం.

కొందరు మిత్రులు ఇట్లనవచ్చును: నా వద్ద పలక వంటి కంప్యూటరు ఉన్నది, అందులోను పటం కదలుచుండును, అది నాకు రెండవ సాధనం కాదా? కాదు. అదియు ఆ ఉపగ్రహాల మాటనే వినును. అదే సాక్షి చొక్కా మార్చుకొని మరల బోనెక్కినంత మాత్రాన ఇద్దరు సాక్షులు కారు. ఇట్లే కొత్త పెట్టెలోనే వి.ఓ.ఆర్. గ్రాహకం ఇమిడి ఉన్నను, తెర ఆరిపోయిననాడు రెండును ఒకేసారి పోవును. చిన్న విమానంలో విద్యుత్తును పుట్టించునది సాధారణంగా ఒక్కటే ఆల్టర్నేటరు, దాచునది ఒక్కటే బ్యాటరీ. ఒంటి స్తంభపు మేడ కథలలో అందంగా ఉండును గాని కాపురానికి పనికిరాదు.

జి.పి.ఎస్. సామాన్య ప్రజలకు దక్కిన చరిత్రలోనే ఈ పాఠం దాగి ఉన్నది. 1983 సెప్టెంబరు 1వ తేదీన న్యూయార్కు నుండి ఆంకరేజ్ మీదుగా సియోలుకు పోవుచున్న కొరియా విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలో ప్రవేశింపగా, దానిని కూల్చివేసిరి. 269 మంది మరణించిరి. అదే నెలలో అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం, జి.పి.ఎస్. సిద్ధమైన పిదప దానిని పౌర విమానాలకును ఉచితంగా అందింతుమని ప్రకటించినది. ఆ దుర్ఘటనకు కారణం సాధనాలు లేకపోవుట కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1993 నాటి నివేదికలో తేల్చినది వేరు. స్వయంచాలక వ్యవస్థ నిర్ణీత మార్గాన్ని పట్టుకొనలేదు. ఒకే దిశను అనుసరించి ఐదు గంటలకు పైగా సాగిపోయినది. సిబ్బంది దానిని గుర్తింపలేదు. అలాస్కాలోని బెథెల్ వి.ఓ.ఆర్. స్తంభాన్ని దాటుసరికే విమానం సుమారు 12 నాటికల్ మైళ్ళు ఉత్తరంగా జరిగి ఉన్నది. స్తంభం సాక్ష్యం చెప్పుటకు సిద్ధంగానే ఉన్నది. అడిగినవారు లేరు.

1995 డిసెంబరు 20వ తేదీన కొలంబియా దేశంలోని కాలి నగరం వద్ద జరిగిన ప్రమాదం మరొక పాఠం. పైలటు యంత్రంలో ఆర్ అను అక్షరాన్ని నొక్కినాడు. చేతిలోని పటంలో ఆ అక్షరం కాలి సమీపంలోని రోజో స్తంభానికి గుర్తు. యంత్రపు జ్ఞాపకశాలలో మాత్రం అదే అక్షరం దూరాననున్న బొగోటా వద్ద రోమియో అను స్తంభానిది. యంత్రం చెప్పినట్లు చేసినది. విమానం తూర్పునకు మళ్ళినది. రాత్రివేళ కొండను ఢీకొన్నది. 163 మందిలో 159 మంది మరణించిరి. అది పెద్ద విమానమే గాని, అట్టి జ్ఞాపకశాలలే నేడు చిన్న విమానాలలోనికి వచ్చినవి. వానిని ప్రతి 28 దినాలకొకసారి నవీకరింపవలెను; దానికి ఏటేట చందా కట్టవలెను. పరికరానికి వేల డాలర్లు పోసి, చందాకు వెనుకాడి, పాత సమాచారంతో ఎగురుట గుర్రాన్ని కొని కళ్ళెం కొనకపోవుట వంటిది.

ఒక కొలతను మరొక కొలతతో సరిచూచుకొనుట మన పూర్వవిద్వాంసులకు కొత్త కాదు. పదకొండవ శతాబ్దంలో అల్ బిరూనీ గజనీ నగరం నుండి ఖిబ్లా దిశను నిర్ణయింపబూని ఒక్క పద్ధతితో తృప్తి చెందలేదు. వేర్వేరు పద్ధతులలో గణించి చూచినాడు. నందనా కోట వద్ద కొండపై నిలిచి దిగంతపు వాలును కొలిచి భూమి వ్యాసార్ధాన్ని లెక్కకట్టినవాడు అతడే. లెక్కల యందు అతనికి నమ్మకం లేక కాదు. లెక్కలు తెలిసినవాడు గనుకనే సరిచూచుకొనినాడు.

మన దేశంలో గగన్ అను వ్యవస్థ ఉన్నది. ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలసి దీనిని నిర్మించినవి. దీనికి 2013 చివర తొలి ధ్రువీకరణ, 2015 ఏప్రిల్‌లో ఎత్తు విషయమై మార్గదర్శనం చేయుటకు ధ్రువీకరణ లభించినవి. మన ఆకాశానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. భూ అయస్కాంత మధ్యరేఖ మన ద్వీపకల్పపు దక్షిణపు కొన సమీపం నుండి పోవును. అందుచేత పైనున్న అయనోస్ఫియరు పొర, ముఖ్యంగా సూర్యాస్తమయం తరువాత, కల్లోలితమై సంకేతాలను వణికించును. ఈ రంగంలో పరిశోధన చేసిన వారిలో మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన కేంద్రం వారును ఉన్నారని చెప్పుకొనుట హైదరాబాదు వాసులకు గర్వకారణం. గగన్ గొప్ప సాధన. అయినను అది జి.పి.ఎస్.ను దిద్దునదే గాని, జి.పి.ఎస్. లేనప్పుడు దాని స్థానంలో నిలుచునది కాదు. మనకు నచ్చిన వ్యవస్థ విషయంలో సహితం ఈ భేదాన్ని మరువరాదు.

ఎదుటి పక్షం వాదనలో బలం లేకపోలేదు. కొత్త పరికరం ధర, అమర్చు కూలి కలిపినచో పదివేల డాలర్లను సులభంగా దాటును. పాత విమానం విలువలో అది చిన్న భాగం కాదు. దానిపై మరల పాత గ్రాహకానికి మరమ్మతు ఏల అని యజమాని అడుగును. ప్రభుత్వమే వి.ఓ.ఆర్. స్తంభాలను తగ్గించుచుండగా మనమేల వానిని పట్టుకొని వ్రేలాడవలెనని కూడ అడుగును. నిజమే, అమెరికాలో సుమారు మూడవ వంతు స్తంభాలను తొలగించు కార్యక్రమం చేపట్టిరి. కాని మిగిలిన వానిని ఏల ఉంచిరి? జి.పి.ఎస్. పోయిననాడు ఏ విమానమైనను 100 నాటికల్ మైళ్ళ లోపున ఒక సురక్షిత విమానాశ్రయాన్ని జి.పి.ఎస్. లేకయే చేరగలుగుటకు. మన దేశంలోను అట్టి కనీస వ్యవస్థను నిలుపుచున్నామని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పినది. ప్రభుత్వం ప్రజాధనంతో దీపం వెలిగించి ఉంచగా, దానిని చూచు కన్నును మనం పొడుచుకొనుట న్యాయమా? పాత గ్రాహకాన్ని ఉంచుకొనుటకు అగు ఖర్చు కొత్త పరికరపు ఖర్చు ముందు స్వల్పం.

కావున పరికరాన్ని మార్చదలచిన యజమానికి గాని, శిక్షణ సంస్థకు గాని మేము చెప్పునది ఇది. మొదట, దిద్దుబాటు సంకేతాన్ని అందుకొను పరికరాన్ని ఎంచుకొని, అనుమతి గల పనివారిచే అమర్చించుకొనుడు. తెర పెద్దదా చిన్నదా అనునది ఆ తరువాతి మాట. రెండవది, వేరే పెట్టెగా, వేరే సూచికతో ఒక వి.ఓ.ఆర్., ఐ.ఎల్.ఎస్. గ్రాహకాన్ని ఉంచుకొనుడు. మూడవది, జ్ఞాపకశాల చందాను పరికరం ధరలో భాగంగానే లెక్కింపుడు. నాలుగవది, కొంత సొమ్మును శిక్షకునితో ఎగురుటకై కేటాయింపుడు. తెలియని మీటల మధ్య మబ్బులో తడుముకొనుట కంటె, నేలపై కూర్చుండి నేర్చుకొనుట చౌక. ఐదవది, అప్పుడప్పుడు తేటగా నున్న పగటివేళ, ప్రక్కన మరొక పైలటు ఉండగా తెరను కప్పివేసి, కాగితపు పటం, గడియారం, విద్యుత్తు అక్కరలేని అయస్కాంత దిక్సూచి, కిటికీలో కనబడు నదులు, రైలుకట్టలు, వీని ఆధారంతో గమ్యం చేరుటను అభ్యసింపుడు. సొమ్ము అన్నిటికి చాలనిచో తెర పరిమాణాన్ని తగ్గించుకొనుడు. రెండవ సాధనాన్ని మాత్రం తగ్గించుకొనవద్దు.

మా వాదన యంత్రద్వేషం కాదు. పాతదంతయు బంగారమనువారి కోవలో మేము లేము. వి.ఓ.ఆర్. సూచికయు తప్పు చెప్పగలదు. కాగితపు పటం పాతబడగలదు. మనిషి కన్ను భ్రమపడగలదు. ఏ ఒక్కటియు పొరపడనిది కాదు గనుకనే రెండు ఉండవలెనని మా వాదన. పరస్పరం సంబంధం లేని రెండు సాధనాలు ఒకే మాట చెప్పినప్పుడు నమ్మకం కలుగును. వేర్వేరు మాటలు చెప్పినప్పుడు మెలకువ కలుగును. చీకటిలో, మబ్బులో, కొండల నడుమ ఆ మెలకువ విలువ ఇంతింతని చెప్పరానిది.

మన విద్యార్థులలో కొందరు రేపు ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు కానున్నారు; కొందరు విమానాలు నడుపనున్నారు; మరికొందరు ఇట్టి నిబంధనలను వ్రాయు కార్యాలయాలలో కూర్చొననున్నారు. ఎవరి బల్ల మీదికి కొత్త యంత్రం వచ్చినను, ఇది ఏమి చేయగలదు అని అడుగుటతో ఆగక, ఇది ఆగిన క్షణాన నాకు మిగులునది ఏమి అని కూడ అడుగవలెను. ఆ రెండవ ప్రశ్నకు సమాధానం సిద్ధంగా ఉంచుకొనినవాడే కొత్త యంత్రాన్ని నిశ్చింతగా వాడుకొనగలడు.